‘మా బడిలో ఇరవై క్లబ్బులు’

జూన్ వచ్చిందంటే హైదరాబాద్ కాలనీల్లో ఇంటి గేటుకు గుచ్చి వెళ్లే బడి కరపత్రాల్లో ఏసీ బస్సు, డిజిటల్ తరగతి గది, ఐఐటీ ఫౌండేషన్ అన్న మాటల పక్కన కొన్నేళ్లుగా ‘20 క్లబ్బులు’ అన్న మాట కూడా కనిపిస్తోంది. ఎకో క్లబ్, మ్యాథ్స్ క్లబ్, ఇంటరాక్ట్, ఎన్‌సీసీ, రోబోటిక్స్, ఒలింపియాడ్ అన్నీ ఒకే వరుసలో, ఒకే సైజు అక్షరాల్లో ఉంటాయి. నేను చాలా ఏళ్లు ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పాను, అందులో కొంతకాలం ఎకో క్లబ్‌కు ఇన్‌చార్జిగా కూడా ఉన్నాను కనుక తెలిసినవాళ్లు ఆ కరపత్రం తెచ్చి చూపించి, “సార్, వీటిలో దేనికి విలువ ఉంది?” అని అడుగుతుంటారు. వెంటనే జవాబు చెప్పలేను, ఎందుకంటే ఆ వరుసలో ఉన్నవన్నీ ఒక జాతివి కావు. కొన్ని దేశవ్యాప్త సంస్థల శాఖలు, కొన్ని పెద్దల సేవాసంస్థలు పిల్లల కోసం పెట్టిన విభాగాలు, కొన్ని బడిలోనే పుట్టి బడిలోనే పెరిగేవి, కొన్ని అసలు క్లబ్బులే కావు, ఫీజు కట్టి రాసే పరీక్షలు. ముందు వీటిని విడదీసి చూస్తే తప్ప విలువ మాట తేలదు.

మొదటి రకంలో అందరికీ తెలిసింది ఎన్‌సీసీ. ఇది 1948లో చేసిన చట్టం ద్వారా ఏర్పడింది. బడి పిల్లలకు ఉన్నది జూనియర్ విభాగం, అబ్బాయిలకు జూనియర్ డివిజన్, అమ్మాయిలకు జూనియర్ వింగ్ అంటారు. రెండేళ్ల శిక్షణ, పరేడ్‌లకు 75 శాతం హాజరు, కనీసం ఒక వార్షిక శిక్షణ శిబిరం పూర్తి చేస్తే ‘ఎ’ సర్టిఫికెట్ పరీక్షకు కూర్చోవచ్చు. చాలామంది తల్లిదండ్రులు గమనించని సంగతి ఏమిటంటే, ఏ బడి పడితే ఆ బడి తనంతట తాను ఎన్‌సీసీ పెట్టుకోలేదు. దళం మంజూరు కావాలి, సీట్ల సంఖ్య పైనుంచి నిర్ణయమవుతుంది, బడిలోని ఒక ఉపాధ్యాయుడు శిక్షణ పొంది అసోసియేట్ ఎన్‌సీసీ అధికారిగా నియమితుడు కావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కలిపి ఉన్న డైరెక్టరేట్ సికింద్రాబాద్‌లోనే ఉంది కాబట్టి జంట నగరాల్లో శిబిరాలకు, ఎంపికలకు కొంత సౌలభ్యం ఉంది. ‘ఎ’ సర్టిఫికెట్‌తో ఉద్యోగం వచ్చేస్తుందని కొందరు అనుకుంటారు. అది నిజం కాదు. సైన్యంలో రాత పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు వెళ్లే ఎన్‌సీసీ ప్రత్యేక ప్రవేశానికి కావలసింది ‘సి’ సర్టిఫికెట్, అది కాలేజీ స్థాయిలో వచ్చేది. అయితే బడిలో పరేడ్ గ్రౌండ్‌కు అలవాటు పడిన పిల్లలే తర్వాత ‘సి’ దాకా వెళ్లడం ఎక్కువగా చూశాను.

స్కౌట్స్ అండ్ గైడ్స్‌ది వేరే దారి. 1907లో ఇంగ్లండులో బేడెన్ పావెల్ ఒక చిన్న దీవిలో ఇరవై మంది అబ్బాయిలతో చేసిన శిబిరం దాని మూలం. మన దేశంలో విడివిడిగా ఉన్న సంఘాలు కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా మారాయి. ప్రవేశ్ నుంచి ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపానాలు దాటి రాజ్య పురస్కార్, ఆపై రాష్ట్రపతి పురస్కారం దాకా మెట్లు మెట్లుగా సాగుతుంది. ఎన్‌సీసీలో ఆజ్ఞ ముఖ్యం, స్కౌట్స్‌లో ఆరేడుగురు పిల్లల చిన్న దళం ముఖ్యం. ఆ దళానికి నాయకుడు కూడా వాళ్లలో ఒకడే. తాడు ముడి వేయడం రాని పిల్లవాడికి పెద్ద తరగతివాడు నేర్పాలి, అందుకు ప్రత్యేకంగా మాస్టారు రారు. పిల్లలు పిల్లల దగ్గర నేర్చుకునే ఈ ఏర్పాటు మన బడుల్లో మరెక్కడా ఇంత స్పష్టంగా లేదని నా అభిప్రాయం. జూనియర్ రెడ్‌క్రాస్ గురించి ఎక్కువ చెప్పను. ప్రథమ చికిత్స నిజంగా నేర్పే బడిలో అది మంచిది, బ్యాడ్జీలు పంచి ఊరుకునే బడిలో అది బ్యాడ్జీయే.

ఇంటరాక్ట్, లియో అన్నవి రెండో రకం. ఇంటరాక్ట్ రోటరీ వారిది, 1962లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఒక ఉన్నత పాఠశాలలో మొదలైంది. లియో లయన్స్ వారిది, 1957లో పెన్సిల్వేనియాలో మొదలైంది. రెండూ పన్నెండేళ్లు దాటిన బడి పిల్లలను చేర్చుకుంటాయి. స్థానిక రోటరీ లేదా లయన్స్ క్లబ్ ఒకటి అండగా ఉండాలి. ఇంటరాక్ట్ క్లబ్ ఏడాదికి కనీసం రెండు కార్యక్రమాలు చేయాలి, ఒకటి తన బడికో ఊరికో ఉపయోగపడేది, రెండోది ఇతర దేశాల గురించి అవగాహన పెంచేది. కాగితం మీద చక్కని నియమమే. అండగా ఉన్న పెద్దల క్లబ్ చురుకుగా ఉంటే పిల్లలకు కంటి పరీక్షల శిబిరం ఎలా నడుపుతారో, డాక్టరుకు ఫోన్ చేసి తేదీ ఎలా అడుగుతారో తెలుస్తుంది. లేకపోతే ప్రమాణ స్వీకారం రోజు కోట్లకు గుచ్చిన పిన్నులతో దిగిన ఫోటోయే ఆ ఏడాది కార్యక్రమం అవుతుంది. ఈ క్లబ్బులు నగరంలో ఎక్కువగా ప్రైవేటు బడుల్లోనే కనిపించడానికి కారణం కూడా పెద్ద రహస్యమేమీ కాదు: ఆ పెద్దల పిల్లలు చదివేది అక్కడే.

క్లబ్ అన్న మాటకు మన ఇళ్లలో ఇంత బరువు రావడానికి అసలు కారణం డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువులు. “మా వాడు కీ క్లబ్‌లో ఉన్నాడు పిన్నీ, నేషనల్ ఆనర్ సొసైటీలో కూడా తీసుకున్నారు” అన్న మాట వాట్సాప్‌లో వచ్చిన మర్నాడు ఇక్కడ అమీర్‌పేటలో బడి వెతుకులాట మొదలవుతుంది. ఆ రెండూ అమెరికా ఉన్నత పాఠశాలల్లో పాతుకుపోయిన సంస్థలు. కీ క్లబ్ 1925లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో పుట్టింది, విద్యార్థులే నడిపే సేవాసంఘం. నేషనల్ ఆనర్ సొసైటీ 1921 నాటిది. మార్కులతో పాటు సేవ, నాయకత్వం, నడవడి చూసి పిల్లలను తీసుకుంటుంది. అక్కడ వాటికి విలువ రావడానికి కారణం అక్కడి కాలేజీ ప్రవేశ విధానం. వందలాది కాలేజీలు వాడే ‘కామన్ యాప్’ దరఖాస్తులో చదువు బయటి పనులు రాయడానికి పది గళ్లు ఉంటాయి, ఒక్కో పనిని వివరించడానికి 150 అక్షరాలు ఇస్తారు. అంటే అక్కడ కూడా ఇరవై క్లబ్బులు రాయడానికి చోటు లేదు. పదింట్లో తలో నెల ఉన్నవాడికంటే రెండింట్లో మూడేళ్లు ఉండి ఏదో ఒకటి చేసినవాడికే ఆ 150 అక్షరాల్లో చెప్పుకోవడానికి సరుకు ఉంటుంది.

మన దగ్గర లెక్క వేరు. జేఈఈ ర్యాంకుకూ నీట్ ర్యాంకుకూ మ్యాథ్స్ క్లబ్ కార్యదర్శి పదవితో సంబంధం లేదు. తెలంగాణలో ఇంజినీరింగ్ సీటు ఎప్‌సెట్ ర్యాంకును బట్టి వస్తుంది. ఎన్‌సీసీ పిల్లలకు, క్రీడాకారులకు ఉన్న కొద్దిపాటి కోటాను మినహాయిస్తే బడి బయటి పనులకు అక్కడ గడి లేదు. పదో తరగతి మెమో మీద సహపాఠ్య అంశాలకు గ్రేడ్లు వేస్తారు కానీ ఆ గ్రేడు చూసి ఎవరికైనా సీటు వచ్చిందని నేను వినలేదు. కాబట్టి ‘క్లబ్ వల్ల సీటు వస్తుందా’ అన్న ప్రశ్నకు, పిల్లవాడు ఇక్కడే చదివేటట్లయితే, జవాబు ‘రాదు’ అన్నదే. ఈ నిజం ముందే ఒప్పుకుంటే మిగతా విషయం ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు.

చదువుకు సంబంధించిన క్లబ్బుల దగ్గర పెద్ద గందరగోళం ‘ఒలింపియాడ్’ అన్న పదంతో వస్తుంది. బడిలో ఫీజు కట్టించుకుని, తరగతి గదిలోనే పెట్టి, బంగారు రంగు పతకం ఇచ్చే పరీక్షలు చాలావరకు ప్రైవేటు సంస్థలవి. అవి రాయడం తప్పు కాదు, కానీ అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు మన దేశం జట్టును పంపే దారి వేరు. 1959లో రుమేనియాలో మొదలైన ఆ పోటీకి భారతదేశం 1989 నుంచి వెళ్తోంది. దానికి మొదటి మెట్టు ఐఓక్యూఎం అనే అర్హత పరీక్ష, తర్వాత ప్రాంతీయ స్థాయి, ఆపై జాతీయ స్థాయి, చివర శిక్షణ శిబిరం. ముంబయిలోని హోమీ భాభా విజ్ఞానశాస్త్ర విద్యా కేంద్రం దీనికి కేంద్రస్థానం. భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలకూ జూనియర్ సైన్సుకూ మొదటి మెట్టు భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల సంఘం నిర్వహించే జాతీయ ప్రామాణిక పరీక్ష. మీ పిల్లవాడి బడిలో ‘ఒలింపియాడ్ క్లబ్’ ఉందంటే అది ఈ దారిలో ఉందా, పతకాల దారిలో ఉందా అని అడిగితే చాలు, సగం సంగతి తెలిసిపోతుంది.

సైన్సు విషయంలో ప్రభుత్వ పథకాలు ఉన్నాయని చాలా ప్రైవేటు బడుల తల్లిదండ్రులకు తెలియదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకంలో బడి నుంచి పిల్లల కొత్త ఆలోచనలను పంపుతారు. ఎంపికైన పిల్లవాడికి నమూనా తయారీకి 10,000 రూపాయలు వస్తాయి. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులకు ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఉంటుంది. త్రీడీ ప్రింటరు వచ్చినంత మాత్రాన క్లబ్ వచ్చినట్టు కాదు, ఆ గది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్నదే ముఖ్యం. తాళంచెవి హెడ్‌మాస్టర్ టేబుల్ సొరుగులో ఉండి, తనిఖీ అధికారి వచ్చిన రోజే బయటికి వచ్చే ల్యాబులను చూశాను. మధ్యాహ్న భోజనం అయ్యాక తొమ్మిదో తరగతి పిల్లలు తామే తెరుచుకుని, సెన్సరు కాలిపోతే తామే తిట్లు తిని, మళ్లీ తెరిచే ల్యాబునూ చూశాను.

తెలుగు క్లబ్ సంగతి చెప్పాలంటే కొంచెం బాధగా ఉంటుంది. 1901లోనే సుల్తాన్‌బజార్ ప్రాంతంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టుకుని, పత్రికలు తెప్పించుకుని, చదివి, చర్చించి, దాని చుట్టూ ఒక తరం చైతన్యాన్ని నిర్మించుకున్న ఊరు ఇది. ఆ ఊళ్లో ఇవాళ బడి సాహిత్య క్లబ్ అంటే ఏటా ఒకసారి వేమన పద్యాల పోటీ. క్విజ్ పరిస్థితి కొంత మెరుగు: 1972లో నగరంలో మొదలైన కె-సర్కిల్ లాంటి సంఘం ఉండటం వల్ల బడిలో మెరిసిన పిల్లవాడు బయట పెద్దవాళ్ల మధ్య కూర్చుని ఓడిపోయే అవకాశం ఉంది, ఓడిపోవడమే అక్కడ అసలు చదువు. తెలుగుకు మాత్రం నాకు తెలిసిన మంచి సాధనం ఇప్పటికీ గోడ పత్రికే. మా బడిలో మెట్ల పక్కన ఒక డ్రాయింగ్ చార్టు ఉండేది. నెలకోసారి మారాలని నియమం. ఎనిమిదో తరగతి సంపాదకురాలు ఒకమ్మాయి, తన స్నేహితురాలి కవితను ‘బాగుంది కానీ మూడో పాదం కాపీ’ అని వెనక్కి పంపింది. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఆ అమ్మాయి చేసిన పని ఏ పాఠంలోనూ లేదు, పరీక్షలో రాదు, నేను నేర్పలేదు కూడా.

ఇక సేవ. ఇక్కడ నా సొంత అనుభవం కొంత చెప్పుకోవాలి. ఎకో క్లబ్బులకు మూలం 2001-02లో కేంద్ర పర్యావరణ శాఖ తెచ్చిన జాతీయ హరిత దళం. మొదట్లో ఒక్కో బడికి ఏటా 2,500 రూపాయలు ఇచ్చేవారు. ఆ డబ్బుతో ఎంత పని అవుతుందో ఊహించుకోవచ్చు, అయినా డబ్బు కొరత మా పెద్ద సమస్య కాలేదు. పెద్ద సమస్య ఫోటో. 2015లో హరితహారం మొదలయ్యాక ఏటా వానాకాలంలో మొక్కలు నాటే కార్యక్రమం అన్ని బడుల్లోనూ జరిగేది. నేను పనిచేసిన ఒక బడిలో ప్రహరీ గోడ వెంట పదకొండు గోతులు ఉండేవి. ఏటా అవే గోతులు, ఏటా కొత్త మొక్కలు, ఏటా అదే కోణం నుంచి ఫోటో. వేసవి సెలవుల్లో నీళ్లు పోసేవాళ్లు లేక మొక్క చచ్చిపోయేది, జూలైలో గొయ్యి మళ్లీ సిద్ధంగా ఉండేది. నివేదికలో ఏడాదికి పదకొండు చొప్పున మొక్కల సంఖ్య పెరుగుతూ పోయింది. ఇందులో నా సంతకం కూడా ఉంది, అందుకే ఇంకొకరిని అనడానికి నోరు రాదు.

మారింది పిల్లల వల్లే. 2021లో తెలంగాణ హైకోర్టు హుస్సేన్‌సాగర్‌లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహాల నిమజ్జనం కూడదన్న తర్వాత ప్రతి బడీ మట్టి గణపతి శిబిరం పెట్టింది. మాకూ బంకమట్టి ముద్దలు వచ్చాయి, పిల్లలు చేశారు, ఫోటో దిగారు. ఆ మర్నాడు ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి, “సార్, మన కాలనీలో మండపాల్లో ఉన్నవి మట్టివేనా?” అని అడిగాడు. నాకు తెలియదు. నలుగురు పిల్లలు నోటుపుస్తకం పట్టుకుని బడికి చుట్టుపక్కల వీధుల్లో మండపాలు తిరిగి, విగ్రహం ఎత్తు, దేనితో చేశారు, ఎక్కడ కొన్నారు, ఎక్కడ కలుపుతారు అని అడిగి రాసుకొచ్చారు. రెండు మండపాల వాళ్లు కసిరారు, ఒకచోట పులిహోర పెట్టి కూర్చోబెట్టి మరీ చెప్పారు. ‘మట్టిదే బాబూ’ అన్న చోట కూడా మట్టి కానిది ఉందని వాళ్లే గోటితో గీకి కనిపెట్టారు. ఆ పట్టికను ప్రార్థన సమయంలో చదివినప్పుడు పిల్లలు విన్నంత శ్రద్ధగా నేను చెప్పిన కాలుష్యం పాఠం ఎన్నడూ వినలేదు. శిబిరంలో రెండు వందల మంది పాల్గొన్నారు, ఈ పనిలో నలుగురే. కానీ నన్ను అడిగితే ఆ ఏడాది మా ఎకో క్లబ్ అంటే ఆ నలుగురే.

ఇలాంటివి ఎందుకు అరుదుగా జరుగుతాయో చూస్తే ఎవరి మీదా నింద వేయలేం. మొదటి అడ్డంకి సమయం. క్లబ్ పీరియడ్ సాధారణంగా శనివారం చివర ఉంటుంది, ఎఫ్‌ఏ పరీక్షలు దగ్గరపడితే ముందుగా పోయేది అదే. తొమ్మిదో తరగతి మొదలయ్యేసరికి ఫౌండేషన్ తరగతులు, పదిలో ఉదయం సాయంత్రం స్టడీ అవర్లు. ఆపై ఇంటర్‌లో చాలా కార్పొరేట్ కాలేజీల్లో మైదానమే ఉండదు, ఇక క్లబ్ ఎక్కడిది? అంటే క్లబ్‌ను నడిపే వయసు, తెలివి వచ్చేసరికి పిల్లలు దాన్ని వదిలేస్తారు. ప్రైవేటు బడిలో మరో ఇబ్బంది బస్సు: మూడున్నరకు బస్సు కదిలితే బండ్లగూడ నుంచి వచ్చే పిల్లవాడు నాలుగు గంటల సమావేశానికి ఉండలేడు. రెండో అడ్డంకి ఉపాధ్యాయుడు. క్లబ్ ఇన్‌చార్జి బాధ్యత మామూలు పీరియడ్లకు అదనం, దానికి వేరే వేళ కేటాయించరు. ఆసక్తి ఉన్న ఒక్కరు బదిలీ మీద వెళ్లిపోతే అదే నెలలో క్లబ్ ఆగిపోతుంది. 2020 జాతీయ విద్యావిధానం సైన్సు, గణితం, కవిత్వం, నాటకం, చర్చ, చదరంగం వంటి అంశాలవారీగా సర్కిళ్లు బడి నుంచి జిల్లా, ఆపై స్థాయి దాకా ఉండాలంది, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు సంచి లేని బడి ఉండాలంది. ఆలోచన మంచిదే, ఆ పది రోజుల్లో ఎవరు ఏం చేయిస్తారన్నది మళ్లీ స్టాఫ్‌రూమ్‌లోనే తేలాలి.

సమయం, మనిషి, డబ్బు మూడూ ఒకచోట కూడితే ఏమవుతుందో తెలంగాణలోనే ఒక ఉదాహరణ ఉంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. పూర్ణకు అప్పటికి పదమూడేళ్లు. తొలి శిక్షణ భువనగిరి కొండ మీద జరిగింది. అది క్లబ్ కాదు, సంస్థ పూనుకుని చేసిన ఎంపిక, శిక్షణ. కాబట్టి ప్రతి బడి నుంచి ఎవరెస్ట్ ఆశించడం తగదు. అయినా భువనగిరి కోటను హైదరాబాద్ పిల్లలు వేల మంది విహారయాత్రలో చూసి, మెట్ల మీద సెల్ఫీ దిగి, జొన్నరొట్టె తిని తిరిగొస్తారు, అదే బండ మీద ఇద్దరు పిల్లలు తాడు పట్టుకోవడం నేర్చుకున్నారు అన్న తేడా గుర్తుపెట్టుకోదగినది.

మళ్లీ ఆ కరపత్రం దగ్గరికి వస్తాను. అడ్మిషన్ కోసం బడికి వెళ్లినప్పుడు ఎన్ని క్లబ్బులు ఉన్నాయని అడగవద్దని తెలిసినవాళ్లకు చెబుతుంటాను. ఏదో ఒక క్లబ్ పేరు చెప్పి దాని మినిట్స్ పుస్తకం చూపించమనండి. పుస్తకం లేకపోతే జవాబు దొరికినట్టే. ఉంటే, అందులో దస్తూరి ఎవరిదో చూడండి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా గుండ్రని టీచరు దస్తూరిలో ‘సభ దిగ్విజయంగా ముగిసినది’ అని ఉంటే అది క్లబ్ కాదు, రికార్డు. దస్తూరి ఏడాదికోసారి మారుతూ, తప్పుల తెలుగులోనో తప్పుల ఇంగ్లిష్‌లోనో ఉండి, ఫలానా తీర్మానం ఓడిపోయిందనో, ఫలానావాడు చందా ఇవ్వలేదనో రాసి ఉంటే, ఆ బడి మిగతా పందొమ్మిది క్లబ్బుల గురించి అబద్ధం చెప్పినా క్షమించవచ్చు.

మా ఎకో క్లబ్ పుస్తకంలో నేను వచ్చేసే ముందు చూసిన చివరి నమోదు ఒకటి గుర్తుంది. వేసవిలో మొక్కలకు నీళ్ల వంతులు వేసుకున్నారు. కాలనీలోనే ఇళ్లున్న తొమ్మిది మంది పేర్లు, వారాలు, కింద ఒక గమనిక: ‘11 గోతులు వద్దు. ఈసారి 4 చాలు. వాచ్‌మన్ తాతకు బకెట్ కొనాలి, 180 రూపాయలు, ప్రసాద్ ఇస్తానన్నాడు, ఇంకా ఇవ్వలేదు.’